ఖాతాదారుల వరుస - కొలత చెప్పవలసినది మనమే

ఇటీవల మన సంఘముల పాలకవర్గ సమావేశములలో ఒక క్రొత్త కాగితము కనబడుచున్నది. "మొదటి ఇరువది మంది ఖాతాదారులు" అని పైన అచ్చు వేసి, క్రింద పేర్లు, పేర్ల ప్రక్కన రూపాయలు, ఎడమ వైపున 1, 2, 3 అని వరుస సంఖ్యలు. కంప్యూటరు ఇచ్చిన కాగితము గావున దానిని ఎవరును ప్రశ్నింపరు. ఆ వరుసను బట్టి ఎవరికి అరువు ఇయ్యవలెనో, పండుగ ముందు ఎవరికి కబురు చేయవలెనో, తుదకు ఏ రకపు బట్టను మగ్గము మీదికి ఎక్కించవలెనో కూడ నిర్ణయమై పోవుచున్నది. ఈ కాగితము మంచిదే. దానిని వద్దనువారము మేము కాము. కాని వరుస కట్టినది యంత్రమైనను, దేనిని బట్టి కట్టవలెనో దానికి చెప్పినది ఎవరు? ఈ ప్రశ్నను పాలకవర్గములు అడుగుట లేదు. అడుగవలెనని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సంఘము చెన్నై ఉత్తర భాగమున నున్న చిన్న సంఘము. అమ్మకపు లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కి కొన్ని సంవత్సరములైనది. ఒక దీపావళికి ముందు మేమును ఇట్టి కాగితమే తీయించి సమావేశములో పెట్టితిమి. మొదటి స్థానములో "క్యాష్" అని యున్నది. మా సభ్యులలో పెద్దవాడు, పసితనము నుండి మగ్గము గుంటలో కాళ్ళు పెట్టినవాడు, కళ్ళజోడు సవరించుకొని, "సెక్రటరీ గారూ, ఎవరండీ ఈ క్యాష్ గారు? ఇంత సరుకు కొనే మహానుభావుణ్ణి మనం ఒక్కసారైనా చూడలేదే!" అని అడిగెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ పేరును కొట్టివేసి, మిగిలిన వరుసను ఉన్నది ఉన్నట్లు అంగీకరించితిమి. మా తప్పు అక్కడనే ఆరంభమైనది.

తరువాతి మూడు స్థానములలోను టోకు వర్తకులుండిరి. ఇంటి వాడుకకు చీరలు, పంచెలు, తువ్వాళ్లు కొనుక్కొని పోవువారు ఎక్కడనో అడుగున నుండిరి. ఆ వరుసను చూచి మగ్గములలో హెచ్చు భాగమును టోకు వర్తకులు కోరిన రకమునకు మార్చితిమి. ఇండ్లవారు అడుగు 80వ నంబరు నూలు చీరలను తగ్గించితిమి. దీపావళి వెళ్ళిన పిమ్మట టోకు సరుకులో చెప్పుకొనదగిన భాగము తిరిగి వచ్చినది. మిగిలిన దానికి పైకము సంక్రాంతి దాటినను రాలేదు. ఇండ్లవారు వచ్చి, తాము కట్టు చీర లేదని తెలిసికొని వెనుకకు పోయిరి. చేతిలో సొమ్ము లేక నూలు తీయలేకపోతిమి. కొన్ని మగ్గములు ఒక నెల ఖాళీగా నుండెను. ఆ నెల మజూరి లేని ఇండ్లకు కంప్యూటరు సమాధానము చెప్పదు. మేము చెప్పవలసి వచ్చినది.

అప్పుడు ఆ కాగితము ఎట్లు తయారగునో నేర్చుకొనుటకు పూనుకొంటిమి. మెట్రిక్ చదువు దీనికి చాలునా అని మొదట జంకితిమి. చాలును. లెక్కలను పట్టికలుగా అమర్చి వాటిని ప్రశ్నించు పద్ధతికి మూలము, 1970లో ఐ.బి.యం. కంపెనీలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు ప్రకటించిన ఒక వ్యాసము. 1974లో అదే కంపెనీకి చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ ప్రశ్నలకు ఒక భాషను కూర్చిరి. దానినే నేడు యస్.క్యూ.యల్. అనుచున్నారు. 1986లో అమెరికాలో దానికి ప్రమాణము ఏర్పడినది. యంత్రశాస్త్రము చదువనివారు కూడ తమ లెక్కను తామే అడుగగలుగవలెనను తలంపుతోనే వాడుక ఇంగ్లీషు మాటలను పోలిన మాటలు అందులో పెట్టిరి. వెల లేకుండ దొరకు సాధనములును కలవు. 2000లో వెలువడిన యస్.క్యూ.లైట్ అట్టిది.

ఈ భాషలో మనకు కావలసిన మాటలు పదికి మించవు. వాటి పని మన పనివానికి తెలియనిది కాదు. అద్దకము నుండి చిలపలు వచ్చినప్పుడు మనము ఏమి చేయుదుము? రంగు వారీగా కుప్పలు పెట్టుదుము. అదియే గ్రూప్ బై. ఒక్కొక్క కుప్పలో ఎన్ని చిలపలున్నవో లెక్కించుట కౌంట్. కుప్పను తూచుట సమ్. బరువును బట్టి కుప్పలను పెద్దది ముందు, చిన్నది వెనుక పేర్చుట ఆర్డర్ బై. కుప్ప పెట్టకముందే తడి చిలపలను ఏరి వేయుట వేర్. కుప్పలు పెట్టిన తరువాత మరీ చిన్న కుప్పలను ప్రక్కకు త్రోయుట హేవింగ్. "గత సంవత్సరపు బిల్లులు మాత్రమే చూడుము" అనునది వేర్ పని. "మూడుసార్లకు తక్కువ వచ్చినవారిని విడువుము" అనునది హేవింగ్ పని. ఏలయన, ఎన్నిసార్లు వచ్చిరో కుప్ప కట్టిన తరువాత గాని తెలియదు.

కుప్ప కట్టుట వలన ఎంత మేలున్నదో ఒక్క ఉదాహరణము చాలును. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనము ప్రకారము దేశములో నేతపనివారు, అనుబంధ పనులవారు కలిసి 35 లక్షల 22 వేల మంది. ఇది ఒక్క పెద్ద అంకె. దీనినే స్త్రీ పురుష భేదమున విడదీసినచో స్త్రీలు 25 లక్షల 46 వేలు అని తేలినది. నేతగాడు అనగానే మన కంటికి మగవాడు కనబడును. లెక్కను విడదీసి చూచిన పిమ్మట ఆ బొమ్మ నిలువదు. మొత్తము దాచినదానిని విభజనము బయట పెట్టును. కాని దేనిని బట్టి విడదీయవలెనని ఎవరో ఒకరు అడుగవలెను గదా.

ఇక మా తప్పులకు వత్తుము. మొదటిది ఆ "క్యాష్" గారు. ఖాతాదారు సంఖ్య వ్రాయక విడిచిన బిల్లులన్నిటిని గ్రూప్ బై ఒకే కుప్పగా వేయును. పేరు వ్రాయుచోట "క్యాష్" అని వ్రాసిన బిల్లులకును అదే గతి. రంగు తెలియని చిలపలన్నిటిని ఒక మూలకు త్రోసినట్లు, ఎందరో మనుష్యులు కలిసి ఒక్క మహానుభావుడైరి. మేము నవ్వి కొట్టివేసినది ఒక పేరును కాదు, నగదు తెచ్చి మా బట్ట కొన్న జనమును. మా సభ్యుడు పరిహాసమునకు అడిగినను, ఆనాడు అడిగినవారి ప్రశ్నలలో సరియైన ప్రశ్న అదొక్కటే.

రెండవది దానికి ఎదురు తప్పు. ఒక్క మనిషి అనేకులగుట. చెన్నైలో మన తెలుగువారి పేర్లకు రెండు మర్యాదలు. ఒక బిల్లులో ఇంటిపేరు ముందుండును. ఇంకొక బిల్లులో తమిళ దేశపు ఆచారమున తండ్రి పేరులోని మొదటి అక్షరముండును. వేరొక దానిలో ఉత్త పేరే యుండును. లక్ష్మి అను పేరునే ఇంగ్లీషు అక్షరములలో మూడు నాలుగు విధముల వ్రాయుదురు. కంప్యూటరుకు అక్షరము మారిన మనిషి మారినట్లే. ఏండ్ల తరబడి మా వద్దనే కొనుచున్న ఒక ఉపాధ్యాయురాలు పట్టికలో నలుగురైనది. నలుగురును అడుగునకు పోయిరి. ఆమె తన బడిలోని తోటివారిని కూడ వెంటబెట్టుకొని వచ్చునామె. దీనికి విరుగుడు ఒక్కటే: పేరును బట్టి కుప్ప కట్టక, మనిషికొక సంఖ్య ఇచ్చి ఆ సంఖ్యను బట్టి కట్టవలెను. ఫోను నంబరు సహాయపడును గాని, దానినే నమ్ముకొనరాదు. ఒక ఇంట నలుగురికి ఒక ఫోను ఉండవచ్చును, ఒకరే ఫోను మార్చుకొనవచ్చును.

మూడవది రెట్టింపు లెక్క. బిల్లు మొత్తము ఒక పట్టికలో నుండును, ఆ బిల్లులోని రకములు వేరొక పట్టికలో నుండును. రెండింటిని జతపరచి బిల్లు మొత్తములను కూడినచో, నాలుగు రకములు కొన్న బిల్లు నాలుగుసార్లు లెక్కకు వచ్చును. ఒకే రకము కొన్నవాడు వెనుకబడును, నాలుగు రకములు కొన్నవాడు లేని గొప్పతనమునకు ఎక్కును. కావున ఏ కాగితము వచ్చినను, దానిలోని మొత్తమును చిట్టాలోని మొత్తముతో సరిచూచిన పిమ్మటనే నమ్మవలెను. పాత గుమాస్తాలు చిట్టాకు, ఆవర్జాకు సరిచూచుకొనుట ఎట్లు మానలేదో, మనమును అట్లే మానరాదు.

వరుస సంఖ్యల సంగతి వేరు. ఉదాహరణమునకు అయిదుగురు ఖాతాదారులు క్రమముగా 24,000, 18,000, 18,000, 15,000, 12,000 రూపాయల బట్ట కొనిరనుకొందము. ర్యాంక్ అను మాట వీరికి 1, 2, 2, 4, 5 అని ఇచ్చును. డెన్స్ ర్యాంక్ అను మాట 1, 2, 2, 3, 4 అని ఇచ్చును. రో నంబర్ అను మాట 1, 2, 3, 4, 5 అని ఇచ్చును. "మొదటి మూడు స్థానములవారికి పండుగ బహుమానము" అని తీర్మానము చేసినారనుకొనుడు. ర్యాంక్ ప్రకారము 15,000 కొన్నవానికి లేదు. డెన్స్ ర్యాంక్ ప్రకారము అతనికి ఉన్నది. "మొదటి ఇద్దరికి" అని తీర్మానించి రో నంబర్ వాడినచో, 18,000 కొన్న ఇద్దరిలో ఒకనికి వచ్చును, ఇంకొకనికి రాదు. ఎందుకు రాలేదని అతడు అంగడికి వచ్చి అడిగినచో చెప్పుటకు న్యాయమైన కారణమేమియు లేదు. యంత్రము ఆ క్షణమున ఎవరిని ముందు పెట్టెనో అదియే కారణము. ఒక్క మాట తేడాతో మనిషికి జరుగు మర్యాద మారుచున్నది. ఈ మాటను ఎన్నుకొనుట కంప్యూటరు నడుపు కుర్రవాని పని కాదు, పాలకవర్గము పని. (ఈ మాటలు 2003 ప్రమాణములో చేరినవి. మై.యస్.క్యూ.యల్., యస్.క్యూ.లైట్ అనునవి 2018లో గాని వీటిని గ్రహింపలేదు. పాత కంప్యూటరు ఈ మాట తెలియదన్నచో సాధనమును క్రొత్తది చేసికొనవలెను.)

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. మా సమావేశములోనే వచ్చినది. "టోకు వర్తకుడు లేకపోతే వంద మగ్గాల బట్ట ఎవడు కొంటాడు? ఇళ్ళవాళ్ళు ఒక్కో చీర కొంటే మనకు గంజి కూడా రాదు" అని ఒక సభ్యుడు అనెను. ఆ మాటలో నిజమున్నది. టోకు వర్తకుని విడువుమని మేము చెప్పుట లేదు. అతనిని, పంచె కొనుటకు వచ్చిన పింఛనుదారుని ఒకే పరుగు పందెములో నిలుపవద్దని చెప్పుచున్నాము. దీనికి పార్టిషన్ బై అను మాట కలదు. ఖాతాదారులను తరగతులుగా విడదీసి, ఒక్కొక్క తరగతిలో మరల ఒకటి నుండి వరుస కట్టును. టోకువారిలో ఎవరు మొదటివారు, ఇండ్లవారిలో ఎవరు మొదటివారు అని వేరువేరుగా తెలియును. ఋతువు వారీగా విడదీసినచో, ఆడి మాసపు తగ్గింపునకు మాత్రమే వచ్చువారెవరో, ముహూర్తములకు వచ్చువారెవరో, ఉగాదికి తప్పక వచ్చువారెవరో తేలును. పేట వారీగా విడదీసినచో, తండయార్‌పేట వారు అడుగు రకమేదో, మైలాపూరు వారు అడుగు రకమేదో తేలును. మగ్గమునకు పనికివచ్చు సమాచారము అది.

కొలత సంగతి అన్నిటికంటె ముఖ్యము. మేము మొత్తము రూపాయలను బట్టి వరుస కట్టితిమి. బిల్లు వ్రాసినంత మాత్రమున సొమ్ము వచ్చినట్లు కాదని తెలిసియు కట్టితిమి. ఇప్పుడు మూడు కొలతలు పెట్టుకొన్నాము. ఒకటి, కడపటి సారి ఎప్పుడు వచ్చెను. రెండు, సంవత్సరములో ఎన్నిసార్లు వచ్చెను. మూడు, తిరిగి వచ్చిన సరుకును, రాని బాకీని తీసివేసిన పిమ్మట చేతికి అందినది ఎంత. ఈ మూడును వేరువేరు వరుసలుగా తీసి ప్రక్కప్రక్కన పెట్టి చూచుచున్నాము. మొదటిసారి అట్లు చూచిన నాడు వరుస తలక్రిందులైనది. టోకు వర్తకులలో నగదు ఇచ్చి, సరుకు త్రిప్పి పంపని ఒక చిన్న వర్తకుడు తన తరగతిలో మీదికి వచ్చెను. ఇండ్లవారిలో ఆ ఉపాధ్యాయురాలు, ఆమె వంటివారు మొదటి వరుసలో నిలిచిరి. ఆ సంవత్సరము 80వ నంబరు చీరలకు మరల మగ్గములు కేటాయించితిమి. లాభము కుండపోతగా కురిసినదని చెప్పము. మగ్గములు మాత్రము ఆగలేదు.

ఈ పట్టణమున ఈ మాట చెప్పుటకు ఇంకొక కారణము కలదు. 1734లో ఈస్టిండియా కుంపిణీ వారు కూవం ఒడ్డున సుంకురామ చెట్టి తోటగా నుండిన చోట నేత, వడుకు పనివారికై ఒక పేట కట్టించిరి. చిన్న తరి పేట అనునదియే చింతాద్రిపేట అయినదందురు. తరి యనగా తమిళమున మగ్గము. ఆనాడు మన పూర్వులు నేసిన బట్ట ఓడలెక్కి పోయెను. ఎవరు కొనిరో, ఎంతకు కొనిరో, ఏ రకమును మరల అడిగిరో వ్రాసిన పుస్తకములు కుంపిణీ వారివి, వారి వర్తకులవి. నేసినవాని చేత మజూరి తప్ప కాగితము లేదు. నేసినవారి సంఘములు తమ బట్టను తామే అమ్ముకొనవలెనను తలంపుతో 1935లో కో-ఆప్టెక్స్ ఈ పట్టణముననే ఏర్పడినది. అంగడి మనదైనది. పుస్తకము కూడ మనదైనది. ఇప్పుడు ఆ పుస్తకమును ప్రశ్నించుట మానివేసి, ఎవరో వ్రాసి యిచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబును తలదాల్చినచో, పుస్తకము మరల పరుల చేతిలోనికి పోయినట్లే. పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా అమ్మునప్పుడు కొన్నవాని వివరములు చాలవరకు ఆ అంగడి చేతిలోనే నిలిచిపోవును. మన అంగడిలో కొన్నవాని వివరములైనను మన చేతిలో నున్నప్పుడు వాటిని చదువుట మన విధి.

చదువుటలో మర్యాదయు కావలెను. ఈ వరుస మగ్గములకు పని చెప్పుటకే గాని, అంగడికి వచ్చినవారిలో ఒకరికి కుర్చీ వేసి ఇంకొకరిని నిలబెట్టుటకు కాదు. ఆ కాగితమును అమ్మకపు బల్ల మీద పెట్టరాదు, పేర్లను, ఫోను నంబర్లను బయటివారికి ఇయ్యరాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఏ పనికని చెప్పి వివరములు తీసికొందుమో ఆ పనికే వాడవలెనను నియమమును పెట్టినది. చట్టము లేకపోయినను మన వద్ద బట్ట కొన్నవారి పట్ల అది మన ధర్మము.

కావున తోటి సంఘముల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు మా మనవి ఇది. ప్రతి ఖాతాదారునకు ఒక సంఖ్య ఇచ్చి, నగదు బిల్లులలో కూడ వీలైనంతవరకు ఆ సంఖ్యను వ్రాయుడు. సంఖ్య లేని బిల్లుల మొత్తమును దాచక, కాగితము అడుగున వేరుగా చూపుడు. వరుస తీయుటకు ముందే, దేనిని బట్టి విడదీయుదుము, దేనిని బట్టి వరుస కట్టుదుము, సమానులను ఏమి చేయుదుము అను మూడు సంగతులను తీర్మానముగా వ్రాసి మినిట్సు పుస్తకములో చేర్చుడు. టోకును, చిల్లరను వేరుచేయుడు. కార్యదర్శి యైనవాడు పైన చెప్పిన పది మాటలను తానే నేర్చుకొనవలెను. వారమునకు రెండు సాయంకాలములు కూర్చున్నచో రెండు నెలలలో వచ్చును. మాకు వచ్చినది. తుదకు ఆ వరుసను నేతపనివారు కూడ కూర్చున్న సమావేశములో బిగ్గరగా చదువుడు. ఖాతాదారుని ముఖమెరిగినవాడు అక్కడ ఎవడో ఒకడుండును.

మా పెద్ద సభ్యుడు ఇప్పుడు కాగితము బల్ల మీదికి రాగానే, "ముందు ఆ క్యాష్ గారి లెక్క చెప్పండి" అని అడుగుచున్నాడు. ఎవరును నవ్వుట లేదు. ఈ విషయమై ఇతర సంఘములవారు తమ తమ అనుభవములను, తాము పెట్టుకొన్న కొలతలను ఈ పత్రికకు వ్రాసి పంపినచో అందరికిని మేలు కలుగును.